తిరిగొచ్చేది మూటలో పెట్టబాకండి

చెత్త గురించి జనానికి చెప్పడం నా ఉద్యోగం. ఏం చేస్తుంటావని అడిగినవాళ్ళకు ఈ మాటే చెప్తాను. వాళ్ళు నవ్వుతారు, నాకు ఒళ్ళు మండుతుంది. పొద్దున్నే నెల్లూరులో మైపాడు బస్సెక్కి, దిగినచోట షేర్ ఆటో పట్టుకుని, సముద్రం ఒడ్డు పల్లెల్లోకి పోతాను. చంకలో బొమ్మల చార్టు, మెడలో ఈల, చేతిలో రెండు బుట్టలు. తడి చెత్త ఆకుపచ్చ బుట్టలో, పొడి చెత్త నీలం బుట్టలో. మెతుకులు, తొక్కలు, చేప పొలుసులు తడి. కవర్లు, సీసాలు, అట్టపెట్టెలు పొడి. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికే ఇన్నేళ్ళుగా కాళ్ళకు బలపాలు కట్టుకుని తిరుగుతున్నాను.

మాది పైన వరి పండే ఊరు. నేను చేసే పనేమిటో మా అమ్మ ఈ రోజుకీ చుట్టాలకు సరిగ్గా చెప్పదు. ఆఫీసు పని అంటుంది. ఇంకా గుచ్చి గుచ్చి అడిగితే కాఫీ పెడతానని వంటింట్లోకి పోతుంది. నాకు కోపమెక్కువని మా ఆఫీసులో పేరు. ఎక్కువ కాక ఏమవుతుంది? గంటసేపు నేను గొంతు చించుకుని చెప్తే తల ఊపుతూ విన్న పెద్దమనిషి, లేచి పోతూ పోతూ తాగిన టీ కప్పు నా చార్టు పక్కనే పడేసి పోతాడు. అలాంటప్పుడు నా నోరు ఊరుకోదు. ఒకసారి అట్లాగే ఒకాయన్ని నిలేసి, ఆ కప్పు ఏ బుట్టలో వెయ్యాలో చెప్పి కదలమన్నాను. ఆయన ఇంట్లోవాళ్ళు ఆ నెలంతా మా బండికి చెత్త ఇవ్వలేదు.

ఇప్పుడు చెప్పబోయే పల్లె పేరు రాయను. ఇసుక మీద ఇళ్ళు, వెనక సరుగుడు తోపు, దాని వెనక రొయ్యల గుంటలు. ఆ ఊళ్ళో పనికిరానిదల్లా సముద్రంలోకే పోయేది. వాళ్ళ లెక్కలో అది పారెయ్యడం కాదు. గంగమ్మ ఇస్తుంది, గంగమ్మ తీసుకుంటుంది, అంతే. తెగిన వలలు, థర్మోకోల్ ముక్కలు, పసిపిల్లల డైపర్లు, రొయ్యల మందు డబ్బాలు, అన్నీ అలలు తగిలేచోట పెట్టి వచ్చేవాళ్ళు. మళ్ళీ పోటుకు సగం వెనక్కొచ్చేది. వచ్చినదాన్ని పక్క ఊరివాళ్ళదని అనుకునేవాళ్ళు. పక్క ఊళ్ళోనూ నేనే చెప్తాను కాబట్టి నాకు తెలుసు, వాళ్ళు వీళ్ళదని అనుకునేవాళ్ళు. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా చాలాకాలం ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఎక్కించింది అక్క. అక్క అంటే నాకు రక్తసంబంధం కాదు. ఆ ఊళ్ళో చేపలు ఎండబెట్టి, గంపకెత్తి నెల్లూరు తెచ్చి అమ్ముకునే మనిషి. మగడు దక్షిణాన ఎక్కడో హార్బర్‌లో పెద్ద బోటు మీద పనిచేస్తూ ఎప్పుడో ఒకసారి వచ్చిపోతుంటాడు. ఇంటినీ వీధినీ తన నోటితోనే నడిపేది. నా బొమ్మలు చూసి ఆమెకు జ్ఞానం పుట్టలేదు. ఒకరోజు మార్కెట్లో ఎవరో బేరమాడుతూ ఆమె ఎండు నెత్తళ్ళలోంచి చాక్లెట్ కాగితం ముక్క తీసి నలుగురికీ చూపించాడట. తక్కెట్లో పోసిన నెత్తళ్ళు వెనక్కి గంపలో పోయించాడట. ఇసుక మీద ఎండబెట్టినవి కదా, ఇసుకలో ఏముంటే అది అంటుకుని వస్తుంది. అక్కకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం నేను వలల షెడ్డులో మీటింగు పెట్టుకుని ఖాళీ చాపలకు పాఠం చెప్తుంటే విసురుగా వచ్చి, నా మెడలో ఈల లాక్కుని, వీధి వీధీ ఊదుకుంటూ పోయింది. వెనక్కి వచ్చేటప్పుడు ఊరు ఊరంతా ఆమె వెంట ఉంది.

అక్కకు ఒక్కతే కూతురు. నెల్లూరులో హాస్టల్లో ఉండి నర్సింగు చదివేది, సెలవలకు ఇంటికొచ్చేది. ఆ పిల్లకు నన్ను ఆటపట్టించడం సరదా. నేను మాట్లాడుతుంటే వెనక కూచుని అర్థాలు చెప్పేది. నేను పరిసరాల పరిశుభ్రత అంటే, మన గడప ముందర గలీజు అని అరిచేది, అందరూ నవ్వేవాళ్ళు. వ్యర్థాలు అనే మాటను నా నోట మళ్ళీ రానివ్వలేదు.

"మేడమ్, మీరు రేడియో మాదిరి చెప్పబాకండి. మా అమ్మ మాదిరి తిట్టండి, వింటారు" అంది ఒకరోజు.

తిట్టాను. విన్నారు. ఆ తరవాత నాకు ఆ ఇంట్లో మధ్యాహ్నం అన్నం పెట్టడం, అక్క నన్ను మేడమ్ అనడం మానేసి పాపా అనడం, రెండూ ఒకేసారి మొదలైనాయి. పిల్ల మాత్రం మేడమ్ అనడం మానలేదు. అందులోనే ఎగతాళి ఉండేది. నాకు ఆ పిల్లంటే ప్రాణం.

ఒక్క సంగతి మాత్రం నా చార్టులో లేదు. ఆ ఊళ్ళో మనిషి పోతే, పెద్ద దినం నాడు ఆ మనిషి వాడుకున్న బట్టలు, చాప, దిండు, ఇష్టంగా దగ్గరుంచుకున్న వస్తువులు మూటగట్టి సముద్రంలో వదులుతారు. ఆ మూట పోతేనే మనిషి పోయినట్టు. మూట వెనక్కొస్తే మనిషికి దారి దొరకలేదని, ఇంకా గడప దగ్గరే తిరుగుతున్నాడని అంటారు. పూర్వం ఈ భయం మాటవరసకే. నూలు పంచె, తాటాకు చాప, దూది దిండు నీళ్ళు తాగి మునిగిపోయేవి. ఇప్పుడు ఎవరి వస్తువులు మునుగుతాయి? ప్లాస్టిక్ చాప, స్పాంజి దిండు, మాత్రల అట్టలు, నీళ్ళ సీసా, అన్నీ తేలేవే. ఎవరైనా పోయిన వారంలోపల ఒడ్డున కుక్కలు దిండు లాక్కుంటూ కనిపించేవి. ఇంట్లోవాళ్ళు చూసి, గుర్తుపట్టి, గుర్తుపట్టనట్టు మొహం తిప్పుకునేవాళ్ళు.

ఇంత నోరున్నదాన్ని, ఆ మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు. వాళ్ళ దుఃఖంలో నేను పోయి బుట్టల సంగతి ఎట్లా మాట్లాడను? మాట్లాడకపోతేనేం, నేను చెప్పిన మిగతా పాఠాలు విని ఒక ఇంటివాళ్ళు తమంతట తామే ఒక పని చేశారు. వాళ్ళింట్లో ముసలామె పోయింది. సముద్రంలో ఏమీ వెయ్యకూడదని మేడమ్ చెప్పింది కదా అని, పెద్ద దినం నాడు ఆమె వస్తువులన్నీ రెండు బుట్టల్లోకి విడదీసి వీధిలో పెట్టారు. తమలపాకులు, పూలదండ, సగం తిన్న అరటిపండు ఆకుపచ్చదాంట్లో. చీరలు, కళ్ళజోడు, మాత్రలు, మందుసీసాలు నీలందాంట్లో. అంత చక్కగా విడదీసిన ఇల్లు నా ఉద్యోగంలో నేను మళ్ళీ చూడలేదు. చెత్త ట్రాక్టరు వచ్చింది. దాని మీద పనిచేసే అన్న పూలదండ చూసి కిందికి దిగలేదు. మైల సొమ్ము ముట్టనన్నాడు, తనకూ పిల్లలున్నారన్నాడు. ఆ వీధిలో మిగతా ఇళ్ళ చెత్త కూడా ఎత్తకుండా బండి వెళ్ళిపోయింది.

వీధి వీధంతా ఆ ఇంటి మీద ఒంటికాలి మీద లేచింది. ఆ ఇంటి కొడుకు నాకు ఫోన్ చేసి, మా అమ్మని ఏ బుట్టలో వెయ్యమంటారో మీరే వచ్చి చెప్పండి మేడమ్ అన్నాడు. ఎగతాళికి కాదు, ఏడుస్తూ అన్నాడు. మర్నాడు పోయాను గాని, ఏం చెప్పాలో తెలియక ఆ ఇంటి అరుగు మీద ఊరికే కూచున్నాను.

అప్పుడు కూడా అక్కే లేచింది. వలల షెడ్డులో ఆడవాళ్ళందరినీ కూచోబెట్టి, చార్టూ బుట్టలూ ఏమీ లేకుండా చెప్పింది.

"మునిగేది పంపండి. నూలు బట్ట పంపండి, పూలు పంపండి, అన్నం పంపండి. తేలేది పంపబాకండి. తేలింది తిరిగొస్తాది. మూట తిరిగొస్తే మనిషి తిరిగొచ్చినట్టే అని మనమే గదా అంటాం? మరి తెలిసి తెలిసి తిరిగొచ్చేది మూటలో ఎందుకు పెడతారు? చచ్చినోళ్ళనన్నా నెమ్మదిగా పోనీండి."

నేను అక్క మొహంలోకే చూస్తూ కూచున్నాను. నా చదువంతా కలిపినా ఆ మాట నాకు తట్టేది కాదు. వాళ్ళ నమ్మకాన్ని కాదనలేదు, దాని మీదే నిలబడి చెప్పింది. మూటలో పెట్టకూడని వస్తువులు ఇంట్లో దాచుకోవచ్చు, కావలసినవాళ్ళకు ఇవ్వచ్చు అంది. లేదంటే కడిగి, ఎండబెట్టి, పూలూ కుంకుమా అంటకుండా కొన్నాళ్ళు పోయాక చెత్త షెడ్డుకు ఇవ్వచ్చు. అట్లా అయితే తీసుకుంటానని ట్రాక్టరు అన్న కూడా ఒప్పుకున్నాడు.

ఆనాటినించి ఊళ్ళో ఎవరు పోయినా మూట కట్టేటప్పుడు అక్క పక్కన ఉండాల్సిందే. కట్టేసిన మూటనైనా ఒడ్డున విప్పించి చేత్తో తడిమి చూసేది. చూడటానికి అదేమంత బాగుండేది కాదు. ఒకసారి చేపల వేటకు పోయే ఒక ముసలాయన చనిపోతే, ఆయన భార్య మూటలో బ్యాటరీ లైటు పెట్టింది. ఆయన తెల్లవారుజామున వేటకు పోతూ ఆ లైటు లేకుండా గడప దాటేవాడు కాదట. అక్క దాన్ని బయటికి తీసింది.

"చీకట్లో పోతాడు మే, అదొక్కటీ ఉండనీ" అంది అవ్వ.

బ్యాటరీలు నీళ్ళల్లో పడితే చేపలకు విషమని అక్క చెప్పింది. అదీగాక లైటు తేలుతుందని, అది ఒడ్డుకొస్తే ఆయనా ఒడ్డుకే వస్తాడని, తట్టుకోగలవా అని అడిగింది. అవ్వ లైటు కొంగులో చుట్టుకుని ఇంటిదారి పట్టింది. ఆమెదొక్కటీ వదిలెయ్యాల్సింది అని అక్కతో అన్నాను. నువ్వట్టా కరిగిపోబట్టే ఇన్నాళ్ళు ఎవరూ నీ మాట వినలేదని నన్నే తిట్టింది. నిజమే.

ఒడ్డు మాత్రం మారింది. ఎంత మారిందంటే, ఆఫీసువాళ్ళు వేరే పల్లెలవాళ్ళని బస్సుల్లో తెచ్చి చూపించేవాళ్ళు. తోటపల్లి గూడూరు వైపునించి వచ్చిన ఆడవాళ్ళు ఇసుకను చేత్తో తీసి చూసుకునేవాళ్ళు. అక్క వాళ్ళందరికీ చెప్పేది, నేను పక్కన నిలబడి గొప్పలు పోయేదాన్ని. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పుడు కూడా ముందు సంతోషమే వస్తుంది, తరవాతే మిగతాది గుర్తొస్తుంది.

ఆ ఏడాది వానలు వెనకబట్టాక జ్వరాలు వచ్చాయి. అక్క కూతురు హాస్టల్లోనే జ్వరం తెచ్చుకుని ఇంటికొచ్చింది. ఊళ్ళో సూది వేయించారు, తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. నెల్లూరు ఆసుపత్రిలో చేర్చారని తెలిసి నేను పోయాను. మంచం మీద సన్నగా, పచ్చగా ఉంది. నన్ను చూసి నవ్వింది. ఆసుపత్రిలో ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, ఇన్ని రంగుల బుట్టలుంటాయని, నా రెండు బుట్టల చదువు ఇక్కడ చాలదని, తను లేచాక నాకు నేర్పిస్తానని అంది. అక్క కసురుకుంది, ఎక్కువ మాట్లాడబాకని. నేను బత్తాయిలు పక్కన పెట్టి, మళ్ళీ వస్తానని చెప్పి వచ్చేశాను.

మళ్ళీ పోయేసరికి ఆ మంచం మీద వేరే ఎవరో ఉన్నారు.

ఊరికి తీసుకుపోయి సరుగుడు తోపు పక్కన పూడ్చారు. తండ్రి హార్బర్‌నించి వచ్చేదాకా ఆగారు. అక్క ఏడవడం నేను చూడలేదు. వచ్చినవాళ్ళు నీళ్ళు తాగి పారేసిన ప్లాస్టిక్ గ్లాసులు అలవాటు కొద్దీ ఏరుతూ తిరిగింది. ఎవరో చేతిలోంచి లాక్కుని కూచోబెట్టారు. కూచుంది. మళ్ళీ లేచి ఏరింది. నేను పక్కకు పోయి ఏడ్చాను.

పెద్ద దినం నాడు పోవాలా వద్దా అని చాలా మథనపడ్డాను. నేను అక్కడుంటే చెత్త మేడమ్ చూస్తోందని అక్క అనుకుంటుందేమో. పోకపోతే, ఇంతకాలం అన్నం తిన్నదాన్ని, ఆ రోజు మొహం చాటేసినట్టవుతుంది. చివరికి చార్టూ ఈలా ఇంట్లో పెట్టేసి పోయాను. పొద్దు అప్పుడే పొడుస్తోంది. ఒడ్డున ఊరి ఆడవాళ్ళందరూ ఉన్నారు. మగవాళ్ళు దూరంగా పడవల దగ్గర ఉన్నారు. ఇసుక మీద మూట ఉంది, ఆ పిల్ల హాస్టల్లో కప్పుకునే దుప్పట్లో కట్టింది. చాలా పెద్దది. లోపల ఏముందో విప్పకుండానే తెలుస్తోంది. గొడుగు కామ బయటికి పొడుచుకుని ఉంది. టిఫిన్ డబ్బా అంచు దుప్పటి కింద గుండ్రంగా కనిపిస్తోంది. తల్లి ఏదీ తీసి పక్కన పెట్టలేకపోయింది.

అక్కడున్నవాళ్ళలో ఎందరి మూటలు అక్క విప్పిందో నాకు తెలుసు. ఎవరి అత్త కళ్ళజోడు, ఎవరి తమ్ముడి ఫోను, ఎవరి మగడి లైటు. అందరి కళ్ళూ ఆ మూట మీదే ఉన్నాయి, అక్కకూ ఆ సంగతి తెలుసు. ఆమె ఇసుకలో కూలబడి ముడి విప్పడం మొదలుపెట్టింది. ముడి రాలేదు. గోళ్ళతో లాగింది, పంటితో లాగింది.

లైటు అవ్వ గుంపులోంచి వచ్చి ఆ ముడి మీద చెయ్యి పెట్టింది.

"విప్పబాక మే."

"ఊరందరివీ విప్పినా గదా పెద్దమ్మా" అంది అక్క.

"విప్పితే విప్పినావులే. బిడ్డ మూట నువ్వు విప్పలేవు. మేం చూడం, పొయ్యి నీళ్ళల్లో వదిలిరా."

అని అవ్వ సముద్రానికి వీపు పెట్టి నిలబడింది. ఆమె పక్కనున్న మనిషి తిరిగింది, ఆ పక్కనున్న మనిషి తిరిగింది. ఒడ్డున ఉన్న ఆడవాళ్ళందరూ ఊరివైపు మొహం పెట్టి నిలబడ్డారు. నేనొక్కదాన్నే ఇంకా అటు చూస్తున్నాను. నువ్వు కూడా తిరుగు పాపా అంది అవ్వ మెల్లగా. తిరిగాను. సరుగుడు తోపు చూస్తూ నిలబడ్డాం. వెనక నీళ్ళలో నడుస్తున్న చప్పుడు కాసేపు వినిపించింది, తరవాత అలల చప్పుడే. ఆ మూట మునిగిపోవాలని నేను తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. సముద్రంలో ఏదీ వెయ్యొద్దని ఇన్నేళ్ళు అరిచిన నోటితోనే మొక్కుకున్నాను. నాకు ఆ క్షణంలో అందులో తప్పేమీ కనిపించలేదు, ఇప్పుడూ కనిపించదు.

ఆ తరవాత ఊళ్ళో ఎవరు పోయినా మూటలు విప్పేవాళ్ళు లేరు. మళ్ళీ చాపలు వచ్చాయి, దిండ్లు వచ్చాయి. నేను మిగతా చెత్త గురించి చెప్పాను గాని, మూటల జోలికి పోలేదు. ఒడ్డు మళ్ళీ ఎందుకు పాడైందని ఆఫీసులో అడిగితే జనం మాట వినడం లేదన్నాను. అక్క మీటింగులకు రావడం మానేసింది. ఇంటికి పోతే తలుపు దగ్గరికేసి ఉండేది. పక్కింటివాళ్ళు ఒడ్డుకు పోయిందని చెప్పేవాళ్ళు.

ఒడ్డున ఏం చేస్తోందో కొన్నాళ్ళకు తెలిసింది. రొయ్యల మేత సంచి ఒకటి భుజాన వేసుకుని, రోజూ పొద్దున్నే అలల అంచు వెంట నడుస్తూ కొట్టుకొచ్చిన చెత్తంతా ఏరుతోందట. ఊరి హద్దు దాటి పక్క ఊరి ఒడ్డు కూడా ఏరుతోందట. నింపిన సంచి తీసుకుపోయి చెత్త షెడ్డు ముందర పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి పోతుందట. ఎవరో ఫోటో తీసి ఆఫీసుకు పంపారు. ఆఫీసులో పండగ. కడుపుకోతలో కూడా ఊరి కోసం పాటుపడుతున్న తల్లి అని రాసుకున్నారు. శాలువా కప్పాలి, సభ పెట్టాలి, పిలుచుకు రమ్మని నన్నే పంపారు. నేనూ నమ్మాను. అక్క మళ్ళీ లేచిందని, నా అక్క నాకు దొరికిందని ఆటోలో కూచుని సంతోషపడ్డాను కూడా.

ఒడ్డున చాలా దూరం నడిస్తే కనిపించింది. వంగుతోంది, ఏదో తీసి తిప్పి చూస్తోంది, సంచిలో వేస్తోంది, మళ్ళీ నడుస్తోంది. సగానికి సగం చిక్కిపోయింది. పలకరించి, సభ సంగతి చెప్పాను, శాలువా సంగతి చెప్పాను. వింటున్నట్టు లేదు. కాసేపు కూచోమని చెయ్యి పట్టుకుంటే కూచుంది. కూచుని, నడుం దగ్గర చీర మడతలో దోపుకున్న గుడ్డ తీసి విప్పింది. అందులో చెప్పు ఉంది. వానాకాలంలో ఆడపిల్లలు వేసుకునే ప్లాస్టిక్ చెప్పు, నీలం రంగుది, పైన తెల్ల పువ్వు. ఎడమ కాలిది.

"ఇది వచ్చింది పాపా. మిగతాయేవీ రాలా. గొడుగు రాలా, డబ్బా రాలా. ఇదొక్కటే వచ్చింది."

నాకు చేతనైందే మాట్లాడాను. అది ప్లాస్టిక్ కాబట్టి తేలిందని, తేలింది కాబట్టి వచ్చిందని, మనిషికీ దానికీ ఏ సంబంధమూ లేదని చెప్పాను. ఆ తిరిగి రావడం మాట జనం వినడానికి మనం అన్నదే కదా అక్కా, దాన్ని నువ్వే పట్టుకుంటే ఎట్లా అన్నాను.

"మనం అన్లా. నేనన్నా. నమ్మే అన్నా" అంది అక్క.

కొంతసేపు చెప్పును ఒళ్ళో పెట్టుకుని ఇసుక తుడిచింది. తరవాత తనే చెప్పింది.

"ఒక్క కాలికి చెప్పేసుకుని బిడ్డ యాడికని పోతాది? పోలేదు, రాలేదు. రెండోది గూడా దొరికితే రెండూ ఇంట్లో పెట్టుకుంటా. వస్తే వచ్చినాది, నా ఇంట్లోనే ఉంటాది. ఉత్త చేతుల్తో తిరిగితే పిచ్చిదంటారని ఈ సంచి పట్టుకున్నా."

ఆమె లేచి నడిచింది. నేను వెంట నడిచాను. ఆఫీసుకు ఈ సంగతి ఎట్లా చెప్పాలో తెలియక చెప్పలేదు. సభ పెట్టారు. బతిమాలితే అక్క వచ్చింది, కుర్చీలో కూచుంది, శాలువా కప్పించుకుంది. నాలుగు మాటలు మాట్లాడమని మైకు చేతికిచ్చారు. అక్క మైకు రెండు చేతులతో పట్టుకుని, ఒడ్డున చెప్పు కనిపిస్తే ఎవరూ పారెయ్యబాకండి, నాకు చెప్పండి, ఎంత దూరమైనా వస్తా అంది. అంతే అని కూచుంది. పక్క పల్లెలవాళ్ళు, ఆఫీసువాళ్ళు, స్కూలు పిల్లలు, అందరూ గట్టిగా చప్పట్లు కొట్టారు. అక్క ఊరి ఆడవాళ్ళు మాత్రం కొట్టలేదు. లైటు అవ్వ తల వంచుకుని కూచుంది.

నేను ఇప్పటికీ అదే ఉద్యోగం చేస్తున్నాను. చార్టు మారింది, బుట్టలు పాతబడితే కొత్తవి ఇచ్చారు, చెప్పే నాలుగు ముక్కలూ అవే. ఏ పల్లెకు పోయినా మీటింగు అయ్యాక ఆటో వచ్చేలోపల ఒడ్డుకు పోయి కొంతదూరం నడుస్తాను. చెప్పు కనిపిస్తే వంగి, ముందు కుడిదా ఎడమదా అని చూస్తాను. కుడిది కనిపిస్తే ఇసుక దులిపి రంగు చూస్తాను. నీలం రంగుది ఇంతవరకు దొరకలేదు.